ఇంగ్లండులో మలుపులు, చెన్నపట్నంలో గోడలు
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పంచాంగ శ్రవణం అయింది. ఎవరి రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో, రాజపూజ్యమెంతో, అవమానమెంతో అందరూ విన్నారు. రాబోయే కాలం సంగతి సిద్ధాంతిగారు చెప్పారు గనుక, గడచిన కాలం సంగతి నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శిగారు మాకు అప్పగించారు. మేము చరిత్ర చదివిన పండితులం కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, రైల్వేలో గుమాస్తా పని చేసుకుంటున్నవాళ్లం. అయితే మా పనిలో ఒక అలవాటు ఉన్నది. ఏ కాగితం బల్ల మీదికి వచ్చినా, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఏ తేదీన వచ్చింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అని ముందు చూసి, ఆ తరువాతనే లోపలి విషయం చదువుతాము. ఆ అలవాటుతోనే ఈ పట్నపు పాత కట్టడాలను చూస్తూ వచ్చాము. తేలిన సంగతులు తమకు మనవి చేస్తాము.

మన పిల్లలు బడిలో ఇంగ్లండు చరిత్ర కొంత చదువుతారు. ఒక రాజు తల తీశారనీ, ఇంకొక రాజు పారిపోయాడనీ, పార్లమెంటు గెలిచిందనీ తేదీలు వల్లె వేస్తారు. పరీక్ష కాగానే మరచిపోతారు. ఏడు సముద్రాల అవతలి తగాదా మనకెందుకని పెద్దలమూ అనుకుంటాము. మా మనవి ఏమంటే, ఆ దేశంలో పెద్ద మలుపు వచ్చినప్పుడల్లా దాని గుర్తు ఈ చెన్నపట్నంలో పడింది. ఒకచోట గోడ లేచింది, ఒకచోట గోడ కూలింది. లేచిన గోడలలో తెలుగువారి చెయ్యి ఉన్నది. కూలిన గోడలలో తెలుగువారు పోషించిన గుడి ఉన్నది. అందుచేత ఆ చరిత్రలో మన పాలు కూడా కొంత ఉన్నది.

మొదట వీరు ఇక్కడికి ఎట్లా వచ్చారో చూద్దాం. కుంఫిణీవారి ఓడ 1611లో మచిలీపట్నం చేరింది. అక్కడ కొఠీ పెట్టి బట్టల వ్యాపారం సాగించారు. తరువాత 1626 ప్రాంతంలో నెల్లూరు తీరాన దుగరాజపట్నంలో ఇంకొక కొఠీ కట్టి ఫిరంగులు నిలుపుకున్నారు. ఆ చోటూ వారికి కలిసిరాలేదు. 1639లో ఫ్రాన్సిస్ డే అనే కుంఫిణీ ఉద్యోగి దక్షిణంగా వచ్చి ఈ ఇసుకతీరాన్ని ఎంచుకున్నాడు. దీనిని ఇచ్చినవాడు దామర్ల వెంకటాద్రి నాయకుడు. చంద్రగిరి రాయలకు లోబడి, వందవాసి నుంచి ఈ ప్రాంతాన్ని ఏలిన తెలుగు ప్రభువు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరటనే ఊరికి చెన్నపట్నమని పేరు వచ్చిందని చరిత్రకారులు ఎక్కువమంది చెబుతారు. తొలిరోజులలో కుంఫిణీకి దుబాసిగా, ముఖ్య వర్తకుడుగా నిలిచిన బేరి తిమ్మన్న కూడా తెలుగువాడే. 1996లో సర్కారువారు మద్రాసు అనే పేరు తీసి చెన్నై అని స్థిరపరచారు. ఆ రోజు చాలామంది కొత్త పేరు అన్నారు గాని, మన అమ్మమ్మలకు అది చెన్నపట్నం కాకపోయింది ఎప్పుడు?

ఇప్పుడు అదే సమయంలో ఇంగ్లండు ఎట్లా ఉన్నదో చూద్దాం. అప్పటి రాజు మొదటి చార్లెసు. స్కాట్లండు కూడా ఆయన ఏలుబడిలోనిదే. ఇంగ్లండు చర్చిలో బిషప్పులనే పెద్ద గురువుల అధికారం ఉండేది. స్కాట్లండువారిలో ఎక్కువమందికి ఆ అధికారం గిట్టదు. సంఘపెద్దలు కూడి నడుపుకొనే చర్చి వారికి కావాలి. రాజు తన పద్ధతినే వారి మీద రుద్దబోయాడు. 1639లో, అంటే వెంకటాద్రి నాయకుడు ఈ తీరం రాసి ఇచ్చిన ఏడే, అక్కడ బిషప్పుల యుద్ధమనే పేరుతో పోరు మొదలైంది. 11 ఏళ్లుగా పార్లమెంటును పిలవకుండా ఏలుతున్న రాజుకు డబ్బు చాలక 1640లో పిలవక తప్పలేదు. ఇక్కడ ఆ ఏడే కోట పని మొదలైంది. అక్కడ రాజుకూ పార్లమెంటుకూ చెడి 1642లో అంతర్యుద్ధమైంది. 1649 జనవరి 30న, లండనులో రాజుగారి విందుశాల ముందు, జనం చూస్తుండగా చార్లెసు తల తీశారు. 1660 వరకు ఆ దేశానికి రాజు లేడు. తరువాత ఆయన కొడుకు రెండవ చార్లెసును తిరిగి పిలుచుకున్నారు.

ఈ గొడవలో రెండు ప్రశ్నలున్నాయి. రాజు చట్టానికి లోబడినవాడా కాడా అన్నది ఒకటి. ఒక దేశంలో రెండు రకాల భక్తి పక్కపక్కన బతకగలదా అన్నది రెండోది. ఈ రెండు ప్రశ్నలనూ చేతిలో పట్టుకొని మన పట్నంలో తిరుగుదాం.

ముందు కోటలోకి పోదాం. 1665లో కోట పెత్తనం చేస్తున్న ఎడ్వర్డు వింటరు మీద కుంఫిణీకి నమ్మకం పోయి, అతని స్థానంలో జార్జి ఫాక్స్‌క్రాఫ్టు అనే ఆయనను పంపింది. వింటరు కొంతకాలం కింది ఉద్యోగిగా ఉన్నట్టే ఉండి, సైనికులను తనవైపు తిప్పుకొని, కొత్త పెద్దను పట్టి కోటలోనే బంధించాడు. దానికి అతడు చూపిన కారణం వినదగ్గది. ఫాక్స్‌క్రాఫ్టూ, ఆయన కొడుకూ మాటలలో రాజును తక్కువ చేశారట, అది రాజద్రోహమట! తండ్రి చార్లెసు తల పోయి పదహారేళ్లే అయింది గనుక, ఆ మాట అంటే ఎవరికైనా వణుకు పుట్టే కాలం. మూడేళ్లు ఆయన బందీగా ఉన్నాడు. 1668లో ఇంగ్లండు నుంచి ఓడలు రాజాజ్ఞతో వచ్చిన తరువాతనే విడుదలై తిరిగి పెత్తనం చేపట్టాడు. నిందకు మాటలు ఇంగ్లండు తగాదా నుంచి వచ్చాయి, అసలు తగాదా మాత్రం కుర్చీది. కచేరీలలో పని చేసినవారికి ఇది విప్పి చెప్పనక్కర లేదు.

ఆ కోటలోనే సెయింటు మేరీ చర్చి ఉన్నది. దానికి 1678 మార్చి 25న పునాది వేసి, 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ చేశారు. భారతదేశంలో ఆంగ్లికను చర్చిలలో ఇదే మిక్కిలి పాతది. గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టరు చందాలెత్తించి కట్టించాడు. కుంఫిణీ పైకం ఇవ్వలేదు. లండనులో మహా అగ్నిప్రమాదంలో కాలిపోయిన సెయింటు పాల్ దేవాలయాన్ని క్రిస్టఫరు రెన్ తిరిగి కడుతున్న రోజులవి. అక్కడ ఆకాశానికెత్తిన గోపురం కడుతుంటే, ఇక్కడ నాలుగడుగుల మందం గోడలతో, ఫిరంగి గుండు పడ్డా చెక్కుచెదరని వంపుకప్పుతో చర్చి కట్టారు. దేవుడి ఇల్లే గాని శత్రువు మీద కన్నుంచి కట్టిన ఇల్లు. తరువాతి యుద్ధాలలో దీనిని ధాన్యపు కొట్టుగా, తలదాచుకునే చోటుగా వాడుకున్నారు. అమెరికాలోని పేరుపొందిన విశ్వవిద్యాలయానికి తన పేరు తగిలించిన ఎలిహు యేల్ పెళ్లి 1680లో ఇక్కడే జరిగింది. రాబర్టు క్లైవు పెళ్లి 1753లో ఇక్కడే జరిగింది.

చర్చి కట్టిన కాలంలో ఒక విడ్డూరం ఉన్నది. 1678లో ఇంగ్లండు పార్లమెంటు, కాథలిక్కు మతస్థులు సభలో కూర్చోరాదని చట్టం చేసింది. అదే కాలంలో మన కోటలో కాథలిక్కుల చర్చి ఉన్నది. 1642 నుంచి ఎఫ్రేమ్ అనే ఫ్రెంచి కపూచిన్ గురువు ఇక్కడ పూజలు జరిపిస్తూ వచ్చాడు. సొంత దేశంలో పనికిరాని మతం ఇక్కడ ఎందుకు పనికివచ్చింది? పోర్చుగీసు వర్తకులు కావాలి, సైనికులు కావాలి, ఊరు నిండాలి. అవసరం కొద్దీ వచ్చిన ఓర్పు అది. అవసరం తీరగానే ఆ ఓర్పు ఏమైందో కాసేపట్లో చూస్తాము.

రెండో మలుపుకు పోదాం. మా కచేరీకి కూతవేటు దూరంలో తెల్లగా మెరిసే రిప్పన్ భవనం ఉన్నది. మనం ఇంటిపన్ను కట్టే కార్పొరేషను కచేరీ అది. ఆ కార్పొరేషనుకు అనుమతి పత్రం ఇంగ్లండు రాజు రెండవ జేమ్సు పేరట 1687 డిసెంబరు 30న పుట్టింది. 1688 సెప్టెంబరు 29న ఇక్కడ కార్పొరేషను కొలువుదీరింది. మేయరు, 12 మంది ఆల్డర్మన్లు. వారిలో ఇంగ్లీషువారు ముగ్గురే. పోర్చుగీసువారు, యూదులు ఉన్నారు. హిందూ వర్తకులు ముగ్గురున్నారు. చిన్న వెంకటాద్రి వారిలో ఒకడు. జనం చేత పన్ను కట్టించాలంటే జనంలోని పెద్దలను బల్ల దగ్గర కూర్చోబెట్టాలన్న తెలివి అందులో ఉన్నది.

ఇప్పుడు తేదీలు చూడండి. ఇక్కడ కార్పొరేషను ఏర్పడి అయిదారు వారాలు గడిచాయో లేదో, 1688 నవంబరులో ఆరెంజి ప్రభువు విలియమ్ సైన్యంతో ఇంగ్లండులో దిగాడు. డిసెంబరులో జేమ్సు రాజు దేశం వదలి పారిపోయాడు. రాజు పార్లమెంటుకు లోబడే ఉండాలని 1689లో హక్కుల చట్టం చేశారు. అదే ఏడు మత సహన చట్టం కూడా వచ్చింది. అది ప్రొటెస్టెంటులలో వేరుపడిన శాఖలకే, కాథలిక్కులకు కాదు. వారికి పార్లమెంటు తలుపు 1829లో గాని తెరుచుకోలేదు. అనుమతి ఇచ్చిన రాజు పోయాడు, అతడిచ్చిన కాగితం మీద పుట్టిన కార్పొరేషను నిలిచింది. నగరాలకు సొంత పాలన ఉండాలని 1882లో వైస్రాయి రిప్పన్ ప్రభువు ప్రకటించాడు. ఆయన పేరట 1913లో ఈ భవనం తెరిచారు. ఎన్నుకున్న పార్లమెంటుకే అధికారమన్న మాటను ఆ దేశం 1689లో తనకు రాసుకున్నది. మనకు దానిలో చిటికెడు పెట్టడానికే దాదాపు 200 ఏళ్లు పట్టింది.

ఇక కూలిన గోడల సంగతి. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ ఐరోపాలో యుద్ధం వచ్చి, 1746లో ఫ్రెంచివారు మన కోటను పట్టుకున్నారు. 1748 సంధి ప్రకారం 1749లో తిరిగి ఇచ్చారు. తిరిగి వచ్చిన ఇంగ్లీషువారికి రెండు భయాలు పట్టుకున్నాయి. కోటలోని కాథలిక్కులు ఫ్రెంచివారికి సాయపడ్డారని ఒకటి. కోట పక్కనున్న ఇళ్ల చాటున శత్రువు దాక్కుంటాడని ఇంకొకటి. మొదటి భయానికి కోటలోని కాథలిక్కు చర్చి కూలింది. రెండో భయానికి కోటకు ఉత్తరాన ఉన్న పాత ఊరు చాలావరకు నేలమట్టమైంది. అందులో మన వర్తకుల ఇళ్లున్నాయి, నేతగాళ్ల వీధులున్నాయి. నడుమ చెన్నకేశవస్వామి గుడి ఉన్నది. అది ఊరితోపాటు పుట్టిన గుడి. బేరి తిమ్మన్న వంటి పెద్దలు పోషించిన గుడి. 1757లో దానిని పడగొట్టారు. బంగాళంలో క్లైవు పలాశీ యుద్ధం గెలిచిన ఏడే అది. మరుసటి ఏడు చివర ఫ్రెంచి సేనాని లాలీ వచ్చి కోటను ముట్టడించాడు, 1759లో వెనుదిరిగి పోయాడు.

గుడి పోయిందని ఊరు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. కుంఫిణీ బదులు స్థలం ఇవ్వవలసి వచ్చింది. దుబాసి మణలి ముత్తుకృష్ణ మొదలియారు ముందు నిలిచారు, ఊరివారు చందాలు వేసుకున్నారు. పూలబజారు దగ్గర దేవరాజ మొదలి వీధిలో చెన్నకేశవుడికీ, చెన్నమల్లేశ్వరుడికీ జంటగుళ్లు లేచాయి. తెలుగువారు పోషించిన దేవుడికి తమిళ పెద్ద పూనుకొని గుడి కట్టించారు. ఈ సంగతి మన పిల్లలకు ముందు చెప్పాలి. ఈ పట్నంలో మన రెండు భాషలవారి మధ్య చందాపుస్తకాలు కలిసి సాగిన కాలం చాలా పెద్దది, తగాదా కాలం చాలా చిన్నది.

పాత గుడి ఉన్న మైదానం ఖాళీగానే పడి ఉన్నది. 135 ఏళ్ల తరువాత 1892లో ఆ చోటనే హైకోర్టు భవనం తెరిచారు. ఎర్ర ఇటుక, గుమ్మటాలు, మినారులు, నడుమ దీపస్తంభం. దానికి రూపు తీర్చిన దొరలలో హెన్రీ ఇర్విన్ ఒకడు. కట్టిన కంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ళు చెట్టిగారు. ఇంటిపేరే చెబుతున్నది గదా ఆయన ఎవరో! కన్నెమెరా గ్రంథాలయం, లా కాలేజీ, విక్టోరియా హాలు కూడా ఆయన కట్టినవే. గణితమేధావి శ్రీనివాస రామానుజన్ 1920లో కన్నుమూసింది చేట్పట్టులో ఆయనకు చెందిన ఇంటిలోనే.

గుమ్మటాలు ఎందుకు పెట్టారన్నది ఆలోచించదగ్గ సంగతి. అంతకుముందు దొరలు ఇక్కడ కట్టినవన్నీ గ్రీకు, రోమను వరుసలో ఉండేవి. 1802లో కట్టిన విందుశాల చూడండి. దానిని ఇప్పుడు రాజాజీ హాలంటున్నాము. అన్నాదురైగారి నుంచి కరుణానిధిగారి వరకు ఎందరో నాయకుల భౌతికకాయాలను జనం కడసారి చూసుకున్నది ఆ మెట్ల మీదనే. పలాశీ విజయానికీ, శ్రీరంగపట్నం విజయానికీ గుర్తుగా కట్టిన ఆ హాలు అచ్చంగా గ్రీకు గుడి వలె ఉంటుంది. మేము గెలిచాము, మీకు కొత్త నాగరికత తెచ్చాము అని దాని భాష. 1857లో ఉత్తరాదిన తిరుగుబాటు వచ్చింది. 1858లో కుంఫిణీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. మీ మతాలలో కలగజేసుకోము అని రాణి ప్రకటన చేసింది. అప్పటి నుంచి కట్టడాల భాష మారింది. మద్రాసు గవర్నరు నేపియరు దేశీయ శిల్పం వాడమని ప్రోత్సహించాడు. రాబర్టు చిజం అనే శిల్పి చేపాక్కం నవాబుగారి భవనాల వరుసలో సెనేటు హవుసు కట్టాడు. ఈ కలగలుపుకే ఇండో-సారసెనిక్ అని పేరు.

అదే కాలంలో లండనులో ఏమి చేశారు? 1834లో పార్లమెంటు భవనం కాలిపోతే, కొత్త దానిని 500 ఏళ్ల కిందటి పాత గోథిక్ వరుసలో కట్టుకున్నారు. మా పాలన ఈనాటిది కాదు, తాతల నాటిదని తమ ప్రజలకు చెప్పుకోవడానికి. ఇక్కడ గుమ్మటాలు పెట్టిందీ అందుకే. మేము పరాయివాళ్లం కాము, మొగలుల తరువాత వారసులమని మనకు చెప్పడానికి. మా సెంట్రల్ స్టేషను 1873లో హార్డింగు, చిజం చేతుల మీదుగా లండను గోథిక్ వరుసలో తయారైంది. ఎగుమూరు స్టేషను 1908లో గుమ్మటాలతో వచ్చింది. ఒకే ఊరిలో రెండు స్టేషన్లు రెండు మాటలు చెబుతున్నాయి. రోజూ వాటి కింద రైలెక్కే మనం తల ఎత్తి చదువుకోవలసిన కాగితాలు అవి.

విక్టోరియా హాలు సంగతి కూడా ఒక మాట. 1883లో దానికి పునాదిరాయి వేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతిగారు. పేరు రాణిది, రాయి మన తెలుగు మహారాజుది. 1891లో బళ్లారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యులుగారి సమాజం వచ్చి ఆ హాలులో తెలుగు నాటకాలు ఆడితే, చూసిన పమ్మల్ సంబంధ మొదలియారుగారికి ఉత్సాహం కలిగి సుగుణ విలాస సభ స్థాపించారు. ఆధునిక తమిళ నాటకానికి ఆయనను పితామహుడంటారు. ఒకరి దీపంతో ఇంకొకరు దీపం వెలిగించుకున్నారు. ఎవరి వెలుగూ తగ్గలేదు.

ఇక మొదట చెప్పిన రెండో ప్రశ్నకు వద్దాం. బిషప్పులున్న చర్చీ, బిషప్పులు లేని చర్చీ పక్కపక్కన బతకగలవా? దానికోసమే గదా 1639లో రాజు యుద్ధానికి దిగాడు. చెన్నపట్నంలో ఆ రెండు పక్షాలూ రెండు కట్టడాలు కట్టుకున్నాయి. ఇంగ్లండు చర్చివారిది మౌంటురోడ్డు పక్కన సెయింటు జార్జి కెథీడ్రలు, 1816లో ప్రతిష్ఠ అయింది. స్కాట్లండువారిది ఎగుమూరులో సెయింటు ఆండ్రూస్ కర్కు, 1821లో తెరిచారు. కట్టిన ఇంజనీరు డీ హావిలాండు. నేల మెత్తన గనుక, మన మేస్త్రీలకు తెలిసిన పద్ధతినే అనేక బావులు దించి వాటి మీద పునాది నిలిపాడు. రెండు శతాబ్దాలు దాటినా ఆ గుండ్రని గుమ్మటం అట్లాగే ఉన్నది. దొర గీసిన గీతను కింద మోస్తున్నది మన బావిపని.

మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 43 రోజులకు, 1947 సెప్టెంబరు 27న, ఆ సెయింటు జార్జి కెథీడ్రలులోనే ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనల్ వారు కలిసి దక్షిణ భారత సంఘంగా ఒక్కటయ్యారు. బిషప్పులున్నవారూ లేనివారూ ఇట్లా ఒక్కటి కావడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఎగుమూరు కర్కు కూడా ఇప్పుడు ఆ సంఘంలోనిదే. ఇంగ్లండులో, స్కాట్లండులో బిషప్పులున్న చర్చీ, బిషప్పులు లేని చర్చీ ఈనాటికీ వేరువేరుగానే ఉన్నాయి. 300 ఏళ్లుగా అక్కడ తెగని పేచీ చెన్నపట్నంలో తెగింది!

ఆ ఐక్యతకు పాటుపడినవారిలో ముఖ్యుడు దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు. 1912లో ఆంగ్లికను బిషప్పు అయిన మొదటి భారతీయుడు. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగుదేశం వచ్చి, తెలుగు నేర్చి, తెలుగు పల్లెలలో బతికి, 1945 జనవరి 1న ఇక్కడి ఐక్యతను చూడకుండానే కన్నుమూశారు. విజయవాడ నుంచి కాజీపేట వైపు పోయేవారికి దోర్నకల్ జంక్షను తెలుసు. ఆ ఊరిలో 1939లో ప్రతిష్ఠ అయిన ఆయన కెథీడ్రలుకు గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, చర్చి పీఠం కలిసి ఉంటాయి. దొరలు గుమ్మటం పెట్టింది వారసులమని చాటుకోవడానికైతే, ఆయన పెట్టింది ఇరుగుపొరుగువారమని చెప్పడానికి. ఒక తమిళుడు మన నేలకు వలస వచ్చి అక్కడివాడైపోయాడు. మనం ఈ నేలకు వచ్చాము.

ఇంతవరకు వచ్చాక 1953 సంగతి చెప్పకుండా దాటిపోవడం న్యాయం కాదు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట నిరాహార దీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, చెన్నపట్నం ఇక్కడే ఉండిపోయింది. మన ఇళ్లలో ముసలివారు పట్నం పోయింది అని నిట్టూర్చడం అందరమూ విన్నాము. ఆ బాధ అబద్ధం కాదు. కాని ఆలోచించి చూడండి. దామర్లవారి పేరు పోయిందా? అది ఊరి పేరే అయింది. నంబెరుమాళ్ళు చెట్టిగారి ఇటుక పోయిందా? దానిలో నేడూ న్యాయం జరుగుతున్నది. 1921 నుంచి 1926 వరకు ముఖ్యమంత్రిగా ఉండి, హిందూ దేవాలయాల లెక్కలు సర్కారు చూడాలని చట్టం తెచ్చిన పానగల్లు రాజావారి పేరు త్యాగరాయనగరంలో తోటకు ఉన్నది. పోయింది సరిహద్దు గీత లోపలి అధికారం మాత్రమే. పాలు పోలేదు. అయితే పాలు ఉన్నదని తెలియనివాడికి అది ఉన్నా లేనట్టే. ఈ సభలో మాకున్న దిగులు అదొక్కటే.

ఇంగ్లండువారి నుంచి ఒక్క సంగతి నేర్చుకోవచ్చు. చార్లెసు రాజును విచారించిన వెస్టుమినిస్టరు హాలు అంతకు 550 ఏళ్ల ముందు ఒక రాజు కట్టించింది. రాజును ఓడించినవారు దానిని కూల్చలేదు, అది నేటికీ నిలిచి ఉన్నది. మన పెద్దలూ ఆ పనే చేశారు. 1947లో కోటను పడగొట్టలేదు. ప్రజలు ఎన్నుకున్న శాసనసభ ఈనాడు ఆ కోటలోనే కూర్చుంటున్నది. గుడి పడగొట్టి దాచుకున్న కోట చివరకు మన ఓటుకు ఇల్లయింది.

కనుక మన సంఘానికి మా విన్నపాలు మూడు. ఒకటి, ఈ ఏడు నాలుగు ఆదివారాలు పిల్లలను వెంటబెట్టుకొని పోదాం. మొదటి వారం కోట, సెయింటు మేరీ చర్చి, లోపలి మ్యూజియం. రెండో వారం పూలబజారు జంటగుళ్లు, అక్కడి నుంచి హైకోర్టు ముందువరకు నడక. మూడో వారం సెంట్రల్, విక్టోరియా హాలు, రిప్పన్ భవనం, ఎగుమూరు కర్కు. నాలుగో వారం కెథీడ్రలు, మైలాపూరులో శ్రీరాములుగారి స్మారక భవనం. అన్నిటికీ బస్సూ, లోకలు రైలూ ఉన్నాయి, పెద్ద ఖర్చు లేదు. రెండు, ప్రతి ఇంటివారూ తమ తాతముత్తాతలు ఏ ఊరి నుంచి, ఏ పని మీద, ఏ ఏడు ఈ పట్నం వచ్చారో ఒక కాగితం మీద తెలుగులో రాసి కార్యదర్శిగారికి ఇవ్వండి. రాసే చెయ్యి పిల్లలది కావాలి, చెప్పే నోరు పెద్దలది కావాలి. తెలుగు అక్షరాలు రాని పిల్లలకు అవి నేర్చుకోవడానికి ఇంతకంటె మంచి పాఠపుస్తకం లేదు. మూడు, పాత కట్టడం ఏదైనా ఒరిగిందని, పడగొడతారని తెలిస్తే, అది ఎవరి మతానిదైనా, ఎవరి భాషవారిదైనా, సంతకాలు సేకరించేవారిలో మనమూ ఉండాలి. 1757లో కూలిన మన గుడికి పక్కింటివారు పూనుకున్నారు. ఆ బాకీ ఇంకా మన ఖాతాలో ఉన్నది.

 అవతల పులిహోర చల్లారిపోతున్నదని వంటవారు సైగ చేస్తున్నారు గనుక ఇంతటితో సెలవు తీసుకుంటున్నాము.